ఎక్సెల్‌లో సొంత టూల్‌బార్: ఎక్కడుంటుంది, ఎలా దాచుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో లాడ్జీలకు, చిత్తూరు చుట్టుపక్కల మామిడి ర్యాంపులకు (రైతుల కాయను తూకం వేసి కొనే చోట్లకు), చిన్న షాపులకు ఎక్సెల్ షీట్లు చేసిపెట్టడం నా పని. షీటు చేసిచ్చిన రోజు ఎవరికీ డౌట్లు రావు. కంప్యూటర్ మార్చిన రోజు, ఫార్మాట్ చేయించిన రోజు, అకౌంటెంట్ మానేసిన రోజు ఫోన్లు మొదలవుతాయి. ‘అన్నా, పైన ఉండే బటన్లు కనపడలేదు’ అని. ఆ ఫోన్లలో మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలు ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువగా విండోస్‌లో వాడే ఎక్సెల్ గురించే. చివర్లో ఎక్సెల్ లాంటివే అయిన లిబ్రెఆఫీస్, గూగుల్ షీట్స్ గురించి కొంచెం ఉంది.

సొంత టూల్‌బార్ నాకెందుకు? ఉన్న మెనూలు చాలవా?

రోజుకు పది ఎంట్రీలు వేసేవాళ్ళకు చాలు. జూన్‌లో తోతాపురి దిగే రోజుల్లో ర్యాంపు దగ్గర కూర్చుని చూడండి. ట్రాక్టర్ కాటా మీదికి ఎక్కుతుంది, చీటీ వస్తుంది, వెనక ఇంకో బండి హారన్ కొడుతూ ఉంటుంది. కంప్యూటర్ ముందున్న అబ్బాయి కొత్త వరుస వేయాలి, తూకం కొట్టాలి, ధరను ఫార్ములాగా కాకుండా విలువగా అతికించాలి, రైతుకు చీటీ ప్రింట్ తీసివ్వాలి. మెనూలో వెతుక్కుంటూ పోతే ఒక్కో బండికి ఏడెనిమిది క్లిక్కులు. అవే పనులు నాలుగు బటన్లుగా పైన పెట్టుకుంటే నాలుగు క్లిక్కులతో సరి.

2007 నుంచి ఎక్సెల్‌లో దీనికోసం ఉన్నది క్విక్ యాక్సెస్ టూల్‌బార్, అంటే ఎక్సెల్ పైభాగంలో ఉండే చిన్న బటన్ల వరుస. ఏ కమాండ్ మీదైనా రైట్ క్లిక్ చేసి ‘యాడ్ టు క్విక్ యాక్సెస్ టూల్‌బార్’ అంటే అక్కడికి చేరిపోతుంది. 2010 నుంచి రిబ్బన్‌లో, అంటే హోమ్, ఇన్సర్ట్ లాంటి ట్యాబ్‌లున్న పై పట్టీలో, మన పేరుతో ఒక ట్యాబ్ కూడా పెట్టుకోవచ్చు.

నేను పెట్టుకున్న బటన్లు నా ఎక్సెల్ ఫైల్‌లోనే ఉంటాయి కదా?

ఉండవు. నాకొచ్చే ఫోన్లలో సగం ఈ ఒక్క పొరపాటు వల్లే. మీరు ప్రత్యేకంగా చెబితే తప్ప బటన్లు మీ కంప్యూటర్‌లో, మీ విండోస్ లాగిన్ కింద, విడిగా ఒక చిన్న ఫైల్‌లో ఉంటాయి. కూర గిన్నె పక్కింటికి పంపితే పోపుల పెట్టె వెంట పోదు కదా, ఇదీ అంతే. షీటును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వేరే కంప్యూటర్‌లో తెరిస్తే లెక్కలన్నీ ఉంటాయి, బటన్లు ఉండవు.

ఇందులో మూడు వేరు వేరు వస్తువులున్నాయి. ఒకటి మీ లెక్కల ఫైల్. రెండోది బటన్. మూడోది ఆ బటన్ నొక్కితే నడిచే మాక్రో, అంటే చేయాల్సిన పనులను వరుసగా రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాం. మూడూ మూడు చోట్ల ఉండొచ్చు. ఏది ఎక్కడుందో తెలిస్తే కింద ఉన్న సమస్యల్లో చాలావరకు మీరే సరిచేసుకోగలరు.

ఆ చిన్న ఫైల్ సరిగ్గా ఎక్కడుంటుంది?

ఎక్సెల్ 2010, ఆ తర్వాత వచ్చినవైతే దాని పేరు ‘ఎక్సెల్.ఆఫీస్‌యూఐ’. విండోస్‌లో మీ యూజర్ ఫోల్డర్ లోపల యాప్‌డేటా, అందులో లోకల్, అందులో మైక్రోసాఫ్ట్, అందులో ఆఫీస్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. యాప్‌డేటా మామూలుగా కనిపించదు, దాన్ని విండోస్ దాచిపెడుతుంది. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్ళి ‘హిడెన్ ఐటమ్స్’ టిక్ చేస్తే బయటికి వస్తుంది.

ఎక్సెల్ 2007లో అదే ఫోల్డర్‌లో ‘ఎక్సెల్.క్యూఏటీ’ అని ఉండేది. ఇంకా వెనక్కి, 2003లో ‘ఎక్సెల్11.ఎక్స్‌ఎల్‌బీ’, 2002లో ‘ఎక్సెల్10.ఎక్స్‌ఎల్‌బీ’. ఆ ఎక్స్‌ఎల్‌బీ ఫైళ్ళు అప్లికేషన్ డేటా కింద మైక్రోసాఫ్ట్, ఎక్సెల్ అనే ఫోల్డర్‌లో ఉండేవి.

ఫార్మాట్ చేయించే ముందు ఏం కాపీ చేసుకోవాలి?

ముందు నా అనుభవం చెప్తాను. ఒక ర్యాంపులో సీజన్ మధ్యలో కంప్యూటర్ పడుకుంది. రిపేరు చేసే అతను ‘డీ డ్రైవ్‌లో ఉన్నదంతా భద్రం సార్, సీ డ్రైవ్ ఒక్కటే కొట్టేస్తా’ అన్నాడు. షీట్లన్నీ డీలోనే ఉన్నాయి కాబట్టి నేనూ సరే అన్నాను. తప్పు నాదే. టూల్‌బార్, పర్సనల్ మాక్రోలు సీలో యాప్‌డేటాలో ఉంటాయి. సాయంత్రానికి కంప్యూటర్ వచ్చింది, షీట్లు వచ్చాయి, పైన మాత్రం బోడిగా ఉంది. ఆ రాత్రి పదకొండు దాకా కూర్చుని పద్నాలుగు బటన్లు మళ్ళీ పెట్టాను. మాక్రోల్లో రెండు ఇప్పటికీ దొరకలేదు.

కాబట్టి సీ డ్రైవ్ తుడిచేముందు ఈ రెండూ తీసుకోండి:

మొదటిది టూల్‌బార్. ఎక్సెల్‌లో ఫైల్, ఆప్షన్స్, క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌కు వెళ్ళండి. కింద ‘ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్’ అని ఉంటుంది. అందులో ‘ఎక్స్‌పోర్ట్ ఆల్ కస్టమైజేషన్స్’ నొక్కి, వచ్చిన ఫైల్‌కు తేదీతో పేరు పెట్టి పెన్‌డ్రైవ్‌లోనో, మీకు మీరే మెయిల్ చేసుకునో దాచుకోండి. రిబ్బన్‌లో చేసుకున్న మార్పులు కూడా ఇందులోనే వస్తాయి.

రెండోది ‘పర్సనల్.ఎక్స్‌ఎల్‌ఎస్‌బీ’ అనే ఫైల్. మాక్రో రికార్డ్ చేసేటప్పుడు ‘పర్సనల్ మాక్రో వర్క్‌బుక్’ ఎంచుకుని ఉంటే మీ మాక్రోలు ఇందులో ఉంటాయి. యాప్‌డేటా, రోమింగ్, మైక్రోసాఫ్ట్, ఎక్సెల్, ఎక్స్‌ఎల్‌స్టార్ట్ – ఈ దారిలో వెతకండి. చూశారు కదా, టూల్‌బార్ లోకల్‌లో, మాక్రోలు రోమింగ్‌లో. ఒకదాన్ని కాపీ చేసి రెండోది మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

వేరే కంప్యూటర్‌లో ఇంపోర్ట్ చేస్తే అక్కడున్న బటన్లకు ఇవి కలుస్తాయా?

కలవవు. అక్కడున్నవి పోయి, వాటి చోట ఇవి వస్తాయి. రిబ్బన్ మార్పులకూ అదే గతి. ఎక్సెల్ ఒకసారి అడుగుతుంది, కానీ ఆ ప్రశ్న చదివేవాళ్ళెవరు? మా వాళ్ళు ‘ఎస్’ కొట్టాకే చదువుతారు. అందుకే అవతలి కంప్యూటర్‌లో ఉన్నవి ముందు ఎక్స్‌పోర్ట్ చేసి, తర్వాత మీవి ఇంపోర్ట్ చేయండి.

బటన్ వచ్చింది. నొక్కితే ‘మాక్రో నడపలేను’ అంటోంది. ఏం చేయాలి?

బటన్ లోపల మాక్రో ఉండదు, మాక్రో ఉండే చోటి అడ్రస్ మాత్రమే ఉంటుంది. ఆ అడ్రస్ పూర్తి దారితో ఉంటుంది: ఏ డ్రైవ్, ఏ యూజర్, ఏ ఫోల్డర్, ఏ ఫైల్ అని. పాత కంప్యూటర్‌లో యూజర్ పేరు ‘అడ్మిన్’, కొత్తదాంట్లో షాపు పేరు అనుకోండి. పర్సనల్ ఫైల్‌ను కరెక్టుగా ఎక్స్‌ఎల్‌స్టార్ట్‌లో పెట్టినా బటన్ ఇంకా ‘అడ్మిన్’ ఇంటి తలుపే కొడుతుంది.

దీనికి రెండు మార్గాలు. బటన్లు నాలుగే అయితే పాతవి తీసేసి మళ్ళీ పెట్టుకోవడం సులువు. ఆప్షన్స్‌లో ‘చూజ్ కమాండ్స్ ఫ్రం’ దగ్గర మాక్రోస్ ఎంచుకుంటే మీ మాక్రోల జాబితా వస్తుంది. ఇరవై ముప్పై ఉంటే ఇంకో పద్ధతి ఉంది. ఎక్స్‌పోర్ట్ చేసిన ఆ ఫైల్ ఎక్స్‌ఎంఎల్‌లో రాసిన మామూలు టెక్స్ట్. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ‘రీప్లేస్’తో పాత యూజర్ దారి ఉన్నచోటల్లా కొత్త దారి పెట్టి, సేవ్ చేసి, అప్పుడు ఇంపోర్ట్ చేయండి. ముందు ఒక కాపీ పక్కన పెట్టుకోండి. ఎక్స్‌ఎంఎల్‌లో ఒక్క కోట్ గుర్తు తప్పినా ఎక్సెల్ ఆ ఫైల్‌ను తీసుకోదు.

ఇంకో చిత్రం కూడా జరుగుతుంది. లెక్కల ఫైల్‌ను ‘2024’ ఫోల్డర్ నుంచి ‘2025’ ఫోల్డర్‌కు కాపీ చేస్తారు. కొత్త ఫైల్‌లో ఉండి బటన్ నొక్కితే పాత ఫైల్ కూడా తెరుచుకుంటుంది. వైరస్ అని భయపడి ఫోన్ చేసినవాళ్ళున్నారు. వైరస్ కాదు, బటన్‌లో ఇంకా 2024 అడ్రస్ ఉంది, అంతే.

ఈ ఒక్క ఫైల్‌తో పాటు బటన్లు కూడా వెళ్ళేలా చేయొచ్చా?

చేయొచ్చు. క్విక్ యాక్సెస్ టూల్‌బార్ ఆప్షన్స్‌లో కుడివైపు పైన ‘ఫర్ ఆల్ డాక్యుమెంట్స్’ అని ఉన్న చోట నొక్కితే మీరు తెరిచిన ఫైల్ పేరు కూడా కనిపిస్తుంది. అది ఎంచుకుని బటన్లు చేర్చితే అవి ఆ ఫైల్‌లోనే సేవ్ అవుతాయి. ఆ ఫైల్ ముందున్నప్పుడు మీ మామూలు బటన్ల పక్కన అవి కనిపిస్తాయి, వేరే ఫైల్‌కు మారగానే పోతాయి.

మాక్రో బటన్లకు నేను ఎప్పుడూ ఇదే పద్ధతి వాడతాను: మాక్రో ఆ ఫైల్‌లోనే, బటనూ ఆ ఫైల్‌లోనే. ఫైల్‌ను మాత్రం మాక్రోలు నిలిచే రకంలో, అంటే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎంగా సేవ్ చేయాలి. మామూలు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా సేవ్ చేస్తే బటన్లు మిగులుతాయి, మాక్రోలు పోతాయి.

మా ఆఫీసులో ఐదుగురున్నారు. అందరికీ ఒకేలా కావాలంటే?

ఐదు కంప్యూటర్లలో ఐదుసార్లు ఇంపోర్ట్ చేస్తూ కూర్చోకండి. మాక్రోలను, రిబ్బన్ ట్యాబ్‌ను కలిపి ఎక్స్‌ఎల్‌ఏఎం రకం యాడ్-ఇన్‌గా (ఎక్సెల్‌కు అదనంగా తగిలించే ఫైల్‌గా) చేయించుకుని షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టండి. ఒక్కొక్కరు ఆప్షన్స్‌లో యాడ్-ఇన్స్, గో, బ్రౌజ్ అని వెళ్ళి దాన్ని ఒకసారి ఎంచుకుంటే చాలు. ‘దీన్ని మీ యాడ్-ఇన్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేయమంటారా’ అని అడిగితే ‘నో’ అనండి. ‘ఎస్’ అంటే ఎవరి కాపీ వాళ్ళ దగ్గర మిగిలిపోయి, మీరు చేసే మార్పులు వాళ్ళకు చేరవు. షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్న ఆ ఫైల్‌కు ‘రీడ్-ఓన్లీ’ టిక్ పెట్టండి. లేకపోతే ఎవరో ఒకరు తెరిచి ఉన్నంతసేపు మీరు దాన్ని మార్చలేరు.

మా బెల్లం మండీలో ఇంకా ఎక్సెల్ 2003నే. టూల్‌బార్‌ను ఫైల్‌కు అటాచ్ చేశాను. మార్చిన బటన్లు అవతల రావట్లేదు?

2003 మీద మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8నే చేతులు దులుపుకుంది. నెట్ కనెక్షన్ ఉన్న కంప్యూటర్‌లో వాడొద్దని ముందే చెప్పి జవాబిస్తున్నాను.

అప్పట్లో వ్యూ, టూల్‌బార్స్, కస్టమైజ్‌కు వెళ్ళి ‘అటాచ్’ నొక్కి టూల్‌బార్‌ను ఫైల్‌కు తగిలించేవాళ్ళం. అది ఆ క్షణంలో తీసిన ఫోటో లాంటిది. తర్వాత మీ దగ్గర టూల్‌బార్ మార్చినా ఫైల్‌లో ఉన్న ఫోటో మారదు. దాన్ని తీసేసి, మళ్ళీ అటాచ్ చేసి, ఫైల్ సేవ్ చేయాలి.

రెండో చిక్కు అవతలివైపు ఉంది. ఫైల్ మొదటిసారి తెరవగానే ఆ టూల్‌బార్ వాళ్ళ ఎక్స్‌ఎల్‌బీలోకి కాపీ అవుతుంది, ఫైల్ మూసినా అక్కడే ఉండిపోతుంది. మీరు కొత్తది పంపినప్పుడు ‘ఈ పేరుతో ఒకటి ముందే ఉంది కదా’ అని ఎక్సెల్ పాతదాన్నే చూపిస్తుంది. అందుకే వాళ్ళ దగ్గర పాత టూల్‌బార్‌ను డిలీట్ చేయించి, అప్పుడు కొత్త ఫైల్ తెరవమనండి. మాక్రోలు వచ్చినవాళ్ళయితే ఫైల్ మూసేటప్పుడు టూల్‌బార్‌ను చెరిపేసే రెండు లైన్లు ‘వర్క్‌బుక్ బిఫోర్ క్లోజ్’లో రాసుకుంటారు. ఆ రోజుల్లో ఈ మాత్రం తెలిసినవాణ్ణి మా ఊళ్ళో ఎక్స్‌పర్ట్ అనేవాళ్ళు!

అదే ఫైల్‌ను కొత్త ఎక్సెల్‌లో తెరిస్తే టూల్‌బార్ పోయిందని కంగారు పడొద్దు. రిబ్బన్‌లో ‘యాడ్-ఇన్స్’ అనే ట్యాబ్ కొత్తగా వచ్చి ఉంటుంది, అందులో చూడండి.

ఎక్సెల్ తెరవగానే ఆగిపోతోంది. టూల్‌బార్ వల్లే అంటున్నారు, నిజమేనా?

అవ్వొచ్చు. కొత్త ఎక్సెల్‌లో కూడా రోమింగ్ కింద ఎక్సెల్ ఫోల్డర్‌లో ఒక ఎక్స్‌ఎల్‌బీ ఫైల్ ఉంటుంది. అది పాడైతే ఎక్సెల్ తెరుచుకోవడానికి మొరాయిస్తుంది. ఎక్సెల్ మూసేసి ఆ ఫైల్ పేరు చివర ‘పాత’ అని తగిలించి మళ్ళీ తెరవండి. బాగుపడితే దోషం దానిదే, ఎక్సెల్ తనంతట తానే కొత్తది తయారుచేసుకుంటుంది. బాగుపడకపోతే పేరు యథాతథంగా మార్చేయండి. డిలీట్ మాత్రం చేయకండి.

మెయిల్‌లో వచ్చిన ఫైల్‌లో బటన్లున్నాయి గానీ మాక్రోలు బ్లాక్ అయ్యాయని ఎర్ర పట్టీ వస్తోంది?

ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఫైళ్ళలో మాక్రోలను ఆఫీస్ 2022 నుంచి అలా ఆపేస్తోంది. పంపినవాళ్ళు తెలిసినవాళ్ళే అయితే, ఫైల్ మూసి, దాని మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కింద ‘అన్‌బ్లాక్’ టిక్ చేయండి. పంపింది ఎవరో తెలియదంటే ఆ ఎర్ర పట్టీ మాటే వినండి.

బటన్లకు తెలుగులో పేర్లు పెట్టొచ్చా?

రిబ్బన్‌లో పెట్టొచ్చు, నాకు చాలా ఇష్టమైన పని ఇది. ‘కస్టమైజ్ రిబ్బన్’లో కొత్త ట్యాబ్ చేసి ‘రీనేమ్’ నొక్కి యూనికోడ్‌లో ‘కాటా’, ‘చీటీ ప్రింట్’, ‘రైతు బాకీ’ అని కొట్టండి, అలాగే కనిపిస్తాయి. పాత డీటీపీ ఫాంట్లతో కొడితే పిచ్చి గీతలొస్తాయి.

మాక్రో రాసే వీబీఏ కిటికీలో మాత్రం తెలుగు నడవదు. అక్కడ ‘తూకం వేయండి’ అని కొడితే ప్రశ్నార్థకాల వరుస మిగులుతుంది. మెసేజ్ బాక్స్‌లోనూ అంతే. నేను తెలుగు మాటలన్నీ ఒక షీటులో సెల్స్‌లో రాసిపెట్టి, మాక్రో వాటిని తీసి ఇంకో సెల్‌లో చూపించేలా చేస్తాను. సెల్ నుంచి సెల్‌కు తెలుగు చెక్కుచెదరకుండా వెళ్తుంది. ర్యాంపులో అబ్బాయికి ఇంగ్లీషు మెసేజ్ వస్తే చదవకుండా ‘ఓకే’ కొట్టేవాడు. షీటులో పెద్ద అక్షరాలతో ‘ఖాళీ బండి తూకం వేయలేదు’ అని పడేసరికి ఆగి చూస్తున్నాడు.

ఎన్ని బటన్లు పెట్టుకోవచ్చు?

పట్టినన్ని. కానీ తొమ్మిది దాటితే నా లెక్కలో అది టూల్‌బార్ కాదు, బ్రహ్మోత్సవాల్లో మాడవీధి. తొమ్మిదే ఎందుకంటే మొదటి తొమ్మిదింటికి ఆల్ట్ పట్టుకుని 1 నుంచి 9 అంకెలు షార్ట్‌కట్‌లుగా పనిచేస్తాయి. ఎక్కువగా వాడేది మొదట పెట్టుకుంటే మౌస్ ముట్టకుండా ఆల్ట్ 1తో అయిపోతుంది. వరుస మార్చడానికి ఆప్షన్స్‌లో పక్కన పైకి, కిందికి బాణాలున్నాయి.

టూల్‌బార్ మొత్తమే కనిపించట్లేదు!

రిబ్బన్ మీద రైట్ క్లిక్ చేసి ‘షో క్విక్ యాక్సెస్ టూల్‌బార్’ నొక్కండి. కొత్త వెర్షన్లలో దాన్ని దాచేసే వీలుంది, ఎవరి చెయ్యో తగిలి ఉంటుంది.

లాడ్జి కౌంటర్‌లో పగలొకరు, రాత్రొకరు. ఒకే కంప్యూటర్. ఇద్దరికీ వేరే బటన్లు కుదురుతాయా?

వేరే విండోస్ లాగిన్లు ఇవ్వండి, ఎవరి టూల్‌బార్ వాళ్ళకుంటుంది. ఒకే లాగిన్‌లో ఇద్దరూ ఉంటే పగటాయన పెట్టింది రాత్రాయన తీసేస్తాడు, గొడవ మీ దగ్గరికొస్తుంది.

లిబ్రెఆఫీస్ కాల్క్‌లో ఎలా?

టూల్స్, కస్టమైజ్, టూల్‌బార్స్. అక్కడ ‘స్కోప్’ అని ఉంటుంది. అందులో కాల్క్ మొత్తానికి కావాలా, ఈ ఫైల్‌కు మాత్రమేనా అని మొదటే ఎంచుకోవచ్చు. ఎక్సెల్ కంటే ఇది తిన్నగా ఉంటుందని నా అభిప్రాయం. కాల్క్ మొత్తానికి పెట్టినవి మీ ప్రొఫైల్ ఫోల్డర్‌లో ఉంటాయి. విండోస్‌లో రోమింగ్ కింద లిబ్రెఆఫీస్, 4, యూజర్ అనే దారిలో. మీ వెర్షన్ ఏడైనా, ఇంకా కొత్తదైనా ఆ ఫోల్డర్ పేరు 4 అనే ఉంటుంది, తికమక పడొద్దు. లిబ్రెఆఫీస్ మూసేసి ఆ ‘యూజర్’ ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేసుకుంటే టూల్‌బార్లు, మీ మాక్రోలు కలిసే వస్తాయి.

గూగుల్ షీట్స్‌లో?

టూల్‌బార్ మార్చే వీలు లేదు. యాప్స్ స్క్రిప్ట్‌తో (గూగుల్ షీట్స్‌లో మాక్రోల లాంటివి రాసే పద్ధతి) పైన మన సొంత మెనూ ఒకటి చేర్చుకోవచ్చు. ఆ స్క్రిప్ట్ షీటుకే అంటుకుని ఉంటుంది కాబట్టి షీటు కాపీ తీస్తే అదీ వస్తుంది, బ్యాకప్ టెన్షన్ లేదు. అయితే చూడ్డానికి మాత్రమే అనుమతి ఉన్నవాళ్ళకు ఆ మెనూ రాదు. ఫోన్ యాప్‌లోనూ రాదు. తోటలో నిలబడి ఫోన్‌లో ఎంట్రీలు వేసేవాళ్ళకు ఇది పనికిరాదని ముందే చెప్పేస్తాను.

సీజన్ అయిపోయింది. మామిడి బటన్లు తీసేసి మామూలుగా చేసుకోవాలంటే?

ముందు ఎక్స్‌పోర్ట్ చేసి ‘మామిడి’ అని, పక్కన సంవత్సరం వేసి దాచుకోండి. తర్వాత అదే ఆప్షన్స్ పేజీలో ‘రీసెట్’లో ‘రీసెట్ ఓన్లీ క్విక్ యాక్సెస్ టూల్‌బార్’ నొక్కండి. దాని కిందే ‘రీసెట్ ఆల్’ ఉంటుంది, అది రిబ్బన్‌లో చేసుకున్న ట్యాబ్‌లను కూడా తుడిచేస్తుంది. వచ్చే మే నెలాఖరున, ర్యాంపు షెడ్డు కడిగించే రోజే, ఆ ఫైల్‌ను ఇంపోర్ట్ చేసి ఒక్కో బటన్ నొక్కి చూసుకోండి. మొదటి ట్రాక్టర్ వచ్చాక చూద్దామనుకుంటే నాకు ఫోన్ చేయాల్సి వస్తుంది, ఆ రోజు నేను ఇంకో ర్యాంపులో ఉంటాను.